నలభై దాటినవారికి ప్రాధాన్యం

సౌదీకి నర్సులుగా వెళ్ళబోతున్న అమ్మాయిలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. హాస్టల్ ఎలా ఉంటుంది, అరబ్బీ ఎంత రావాలి, చలికి ఏం తీసుకెళ్ళాలి అని అడుగుతారు. తెలిసినంతలో చెబుతాను. అక్కడి మనుషులు ఎలాంటివాళ్ళు అని కూడా అడుగుతారు. అక్కడికి వెళ్ళాక మీరెలాంటివాళ్ళవుతారో చూసుకుంటూ ఉండండి, అది చాలు అంటాను. నేనేదో కోపంగా ఉన్నాననుకుని మాట మార్చేస్తారు. నాకు కోపం లేదు. ఒక కొండ ఎక్కిన రోజు గుర్తొచ్చి అలా అంటాను. అది ఫోన్లో చెప్పేంత చిన్న సంగతి కాదు గనుక రాస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు. ఇందులో ఒకామె ఇప్పుడు లేదు. మిగిలినవాళ్ళు ఎక్కడో ఒకచోట బతుకుతున్నారు.

నేను పనిచేసిన ప్రైవేటు ఆసుపత్రి హాయిల్‌లో ఉండేది. రియాద్ నుంచి ఉత్తరంగా ఎడారిలో చాలా దూరం వెళితే వచ్చే ఊరు. ఊరికి పడమటి వైపు అజా కొండలు ఉంటాయి. చెట్టు లేని ఎర్రటి రాతి కొండలు. మా ఆడవాళ్ళ వార్డు కిటికీల్లోంచి రోజూ కనబడేవి. ఏళ్ళ తరబడి చూశాను గానీ వాటి మీదికి ఎవరైనా ఎక్కుతారన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. హాస్టల్ నుంచి వార్డుకి, వార్డు నుంచి హాస్టల్‌కి ఆసుపత్రి వ్యాన్‌లో తిరిగేవాళ్ళం. కొండలు ఆ కిటికీకి సంబంధించిన వస్తువుల్లా ఉండేవి.

ఆ వార్డుకి ఛార్జ్ నర్సు ఒక తెలుగామె. నర్సాపురం దగ్గర పల్లె. నాది తుని. మా మధ్య చుట్టరికం లేదు గానీ చేరిన రోజు నుంచీ అక్కా అనే పిలిచాను. నాకంటే బాగా పెద్దది. భర్త పోయాడు, పిల్లల్లేరు. పని నేర్పడంలో కఠినంగా ఉండేది. రోగి ఏం చెబుతోందో వినడం సగం పని, రోగి ఏం దాస్తోందో చూడడం మిగతా సగం అనేది. మనిషి నొప్పిని దాచుకునే పద్ధతులు ఎన్నో ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అక్కకి సొంత చెల్లెలు అదే ఊళ్ళో ఉండేది. ఆమె నర్సు కాదు. ఒక సౌదీ ఇంట్లో పనికి వచ్చింది. కాంట్రాక్టు అయిపోయింది. కొత్త పనమ్మాయికి వీసా రాగానే పంపిస్తామని ఇంటి యజమానురాలు చెప్పింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటాయన దగ్గర ఉంది. కొత్త వీసా ఈ నెల కాదు, పై నెల అంటూ జరుగుతూనే ఉంది. వాళ్ళేమీ దుర్మార్గులు కారు. వేళకి తిండి పెట్టేవారు, కొట్టిందీ తిట్టిందీ లేదు. పంపడం మాత్రం మరిచిపోయేవారు.

అక్క ప్రతి శుక్రవారం ఆ ఇంటికి వెళ్ళేది. ఆ ఇంట్లో ఒక ముసలావిడ మంచం మీద ఉండేది. అక్క ఆవిడ బీపీ, షుగర్ చూసి, వీపు మీద పుళ్ళకి కట్టు కట్టేది. ఆ తర్వాత చెల్లెలితో వంటింట్లో ఒక గంట కూర్చోనిచ్చేవారు. వచ్చేటప్పుడు యజమానురాలిని అడిగేది, మా చెల్లి ఎప్పుడు అని. ఇన్‌షా అల్లా, వచ్చే నెల అని ఆవిడ అనేది. ఎన్నిసార్లు అడుగుతావక్కా అని నేను ఒకసారి అన్నాను. ఎవరో ఒకరు అడుగుతా ఉంటేనే ఆ మాట బతికుంటాది, అడగడం మానేసిన రోజున అది ఆ ఇంట్లో సామానైపోద్ది అంది. చెల్లెలు విమానం ఎక్కేదాకా తను హాయిల్ వదలనని కూడా అప్పుడే చెప్పింది. మా అందరికీ ఉద్యోగం కావాలి. ఆమెకి మాత్రం ఆ ఊళ్ళో ఉండడం కావాలి. ఉద్యోగం లేకపోతే ఆ ఊళ్ళో ఉండనివ్వరు.

సరిగ్గా అప్పుడే ఉద్యోగాలు కదలడం మొదలైంది. నితాఖత్ అనే మాట అప్పటికి కొత్తది కాదు. ప్రతి సంస్థలోనూ ఇంతమందికి ఇంతమంది సౌదీలు ఉండాలి. ఉన్నదాన్ని బట్టి సంస్థకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని రంగు ఇస్తారు. రంగు చెడితే విదేశీయుల ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావు. దానికి తోడు లెవీ వచ్చింది. విదేశీ ఉద్యోగి ప్రతి ఒక్కరి మీదా యజమాని నెలనెలా ప్రభుత్వానికి కట్టాలి. అంతవరకూ మేం ఆసుపత్రికి చేతులం. అప్పటి నుంచి ఖర్చులం.

మొదట రిసెప్షన్‌లోని మలయాళీ కుర్రాళ్ళు పోయారు. తర్వాత రికార్డుల గదిలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆయన పక్కన ఒక సౌదీ అమ్మాయిని కూర్చోబెట్టి పని నేర్పమన్నారు. ఆయన నేర్పాడు, సగం. ఫైళ్ళు ఏ వరసలో ఉన్నాయో చెప్పాడు గానీ ఎందుకలా పెట్టాడో చెప్పలేదు. ఆయన సెలవు పెట్టిన రోజు ఒక్క ఫైలూ దొరికేది కాదు. ఆయన తెలివిని మేమంతా మెచ్చుకున్నాం. కొన్నాళ్ళకి ఆయన్నీ పంపేశారు. వచ్చినవాళ్ళు ఫైళ్ళన్నీ తమ వరసలో పెట్టుకున్నారు. వారం రోజుల్లో అంతా మామూలైపోయింది.

అది చూశాక కూడా మేం ఏమీ నేర్చుకోలేదు. ఇంకా దాచుకోవడం మొదలుపెట్టాం. భోజనాల దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో చూసుకునేవాళ్ళం. ఎవరైనా ఆఫీసు గదిలోంచి నవ్వుతూ బయటికొస్తే ఆ నవ్వుకి అర్థం వెతికేవాళ్ళం. అన్నిటికంటే పెద్ద రహస్యం జబ్బు. సిక్ లీవ్ పెడితే రికార్డులోకి ఎక్కుతుంది, రికార్డులోకి ఎక్కితే రెన్యువల్ నాడు బయటపడుతుంది అని మా నమ్మకం. అందుకని హాస్టల్లో ఒకరికొకరం దొంగతనంగా వైద్యం చేసుకునేవాళ్ళం. కర్టెన్ రాడ్డుకి సెలైన్ సీసా కట్టి, గది గొళ్ళెం పెట్టి, ఎవరైనా వాంతి చేసుకుంటే వినబడకుండా టీవీ సౌండు పెంచేవాళ్ళం. జ్వరంతో డ్యూటీకి వెళ్ళి, జ్వరం వచ్చినవాళ్ళని విశ్రాంతి తీసుకోమని చెప్పేవాళ్ళం.

రెన్యువల్ నెల దగ్గరపడితే జుట్టుకి రంగు వేసుకోవడం ఇంకో ఆచారం. అక్కకి నేను వేసేదాన్ని, నాకు అక్క వేసేది. ఆ ఏడాది మా ఇద్దరి కాంట్రాక్టులూ ఒకే నెలలో అయిపోతున్నాయి. ఆ వార్డులో ఇద్దరు సీనియర్లు దండగ, ఒకర్నే ఉంచుతారట అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. ఆ వారం అక్క నన్ను పిలవకుండా తనే రంగు వేసుకుంది. మెడ వెనక వెంట్రుకలు తెల్లగా మిగిలిపోయాయి. నేను చూశాను, చెప్పలేదు. చెబితే ఏమనుకుంటుందో అనిపించింది.

హెచ్.ఆర్.లోకి కొత్తగా ఒక సౌదీ అమ్మాయి వచ్చింది. కాలేజీ నుంచి సూటిగా వచ్చినట్టుంది. మొహానికి నిఖాబ్, చేతిలో ఎప్పుడూ ఫోను. వార్డుల్లో ఊరికే తిరిగేది. మేం ఎలా పనిచేస్తామో చూసేది, ఇంగ్లీషులో ఏవో అడిగేది. మీకు నడుంనొప్పి ఉంటుందా సిస్టర్, నిలబడి నిలబడి కాళ్ళు వాస్తాయా సిస్టర్ అనేది. ఒక్కరం కూడా ఉంటుందని చెప్పలేదు. ఆమె వస్తే మాటలు ఆపేసేవాళ్ళం. మమ్మల్ని తీసేయడానికే ఆమెను వేశారని మాలో ఎవరికీ సందేహం లేదు.

చలికాలం మధ్యలో నోటీసు బోర్డు మీద ఒక కాగితం పెట్టారు. ఆరోగ్యం కోసం నడక, అజా కొండల్లో ఒక శిఖరం పైదాకా, రావాలనుకున్న నర్సులు పేరివ్వవచ్చు అని. కింద ఒక వాక్యం: నలభై దాటినవారికి ప్రాధాన్యం.

ఆ వాక్యాన్ని మేం ఎన్ని విధాల చదివామో చెప్పలేను. నలభై దాటినవాళ్ళని కొండెక్కించడం దేనికి? ఒక మలయాళీ నర్సు భర్త రియాద్‌లో బతా బజారులో కొట్టు నడిపేవాడు. అక్కడ ఒక కంపెనీలో పెద్దవాళ్ళని మెట్లెక్కించి, ఆయాసపడినవాళ్ళకి ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం వదిలి పొమ్మనే వీసా, కొట్టారని విన్నాడట. కంపెనీ పేరు అతనికి తెలియదు. మాకు పేరు అక్కర్లేదు. నడకకి అంబులెన్సు కూడా వస్తోందని తెలిసింది. ఇక రుజువు ఏం కావాలి? సాయంత్రానికి సంగతి ఖాయమైపోయింది. ఇది పరీక్ష. పైదాకా ఎక్కినవాళ్ళకి రెన్యువల్, మధ్యలో కూలబడినవాళ్ళకి ఎగ్జిట్. పేరివ్వనివాళ్ళు ముందే ఒప్పుకున్నట్టు.

నలభై దాటిన ప్రతి ఒక్కరూ పేరిచ్చారు. కొండల మీద మా ఆసక్తి చూసి ఆఫీసువాళ్ళు ఆశ్చర్యపోయి ఉంటారు.

అంబులెన్సు నడిపే పఠాన్‌కి మా గొడవ తెలిసింది. పుట్టింది కొండల్లో అని ఎప్పుడూ చెప్పేవాడు. శుక్రవారం పొద్దున మమ్మల్ని వ్యాన్‌లోంచి దించుతుంటే, మేం వరసగా నిలబడి ఒంటి మీది నల్లటి అబాయాలు సర్దుకుంటూ, జుట్టు లోపలికి దోపుకుంటూ ఉండడం చూసి నవ్వాడు.

"సిస్టర్, యే పహాడ్ హై. ఇంటర్వ్యూ నహీ."

ఇది కొండే, ఇంటర్వ్యూ కాదని అతనన్నా ఎవరూ నవ్వలేదు. అతన్ని కూడా ఆఫీసే పంపింది కదా అనుకున్నాం.

దారి చూపడానికి హెచ్.ఆర్. అమ్మాయి అన్న వచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఆ కొండల్లో తిరిగినవాడు. మొదట రెండు రాతి గోడల మధ్య ఇసుక దారి, ఎండిన వాగు. అక్కడ కొన్ని ఈత చెట్లు, రాతి గుంటలో నీళ్ళు ఉన్నాయి. తర్వాత ఎక్కుడు. ఆ కొండ రాయి పైకి గట్టిగా కనబడుతుంది గానీ ఎండకీ చలికీ పొట్టు లేచి, కాలు పెడితే గరుకు నూకలా జారిపోతుంది. మా కాళ్ళకి వార్డులో వేసుకునే తెల్ల బూట్లు. నున్నటి గచ్చు మీద చప్పుడు కాకుండా నడవడానికి చేసినవి. రెండడుగులు ఎక్కితే ఒకడుగు జారేవాళ్ళం.

జారినా ఎవరూ అబ్బా అనలేదు. మాట్లాడితే ఆయాసం తెలుస్తుందని మాట్లాడలేదు. హెచ్.ఆర్. అమ్మాయి ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఫోన్‌లో ఫొటోలు తీస్తోంది. ఫోను మా వైపు తిరిగినప్పుడల్లా అందరం నవ్వేవాళ్ళం. ఎవరు వెనకబడ్డారో గుర్తుపెట్టుకోవడానికి తీస్తోందని అనుకున్నాం. అందుకని వెనకబడినవాళ్ళు ఫోను చూసి గబగబా నాలుగడుగులు వేసి, ఆమె అటు తిరగగానే రాయి పట్టుకుని ఆగేవాళ్ళు.

అక్క నా ముందు నడుస్తోంది. సగం దూరం వెళ్ళాక ఆమె నడక మారింది. చలిగాలి కొడుతుంటే మెడ మీద చెమట. ఎడమ చేతిని అబాయా లోపల పెట్టుకుంది. మధ్యమధ్య ఆ చేత్తో దవడ రుద్దుకుంటోంది. ఒక బండ దగ్గర అటు తిరిగి చిన్న సీసాలోంచి ఏదో తీసి నోట్లో వేసుకుంది. మింగలేదు. నోరు మూసుకుని నిలబడింది. నాలుక కింద పెట్టుకునే మాత్ర అది. గుండెనొప్పికి వాడేది. అంటే నొప్పి కొత్తది కాదు. హాస్టల్లో ఎవరో వైద్యం చేస్తున్నారు, నాకు మాత్రం తెలియనివ్వలేదు. వార్డులో ఏ రోగి అయినా అలా కనబడితే కుర్చీలోంచి లేవనిచ్చేదాన్ని కాదు.

ఏం చేయాలి? గట్టిగా చెబితే ఆ అమ్మాయి వింటుంది. విన్న రోజే అక్క ఉద్యోగం పోతుంది, చెల్లెలు ఆ ఇంట్లో సామానైపోతుంది. చెప్పకపోతే అక్క ఆ కొండ మీదే పడిపోతుంది. ఆ రెండింటి మధ్యా నాకు తోచింది ఒకటే. కాలు జారినట్టు కూలబడి మోకాలు పట్టుకున్నాను. నడవలేనన్నాను. ఒక నర్సు నా దగ్గర ఆగాలి, అక్క ఆగుతుంది, పరీక్షలో తప్పింది నేనవుతాను. అలా అనుకున్నాను. ఇప్పుడైనా అదే చేస్తాను.

అక్క వచ్చి కూర్చుంది. అలవాటు కొద్దీ మోకాలు పట్టుకుని, వంచి, నొక్కి చూసింది. ఆ అమ్మాయి నాలుగు బండల అవతల నిలబడి మావైపే చూస్తోంది. అందుకని అక్క మొహం మీద నవ్వు అలాగే ఉంచుకుని తెలుగులో అంది:

"నీ మోకాలికి ఏం కాలేదు."

"నీకు బాలేదక్కా. కూర్చో. నా వంకన ఇక్కడే కూర్చో."

"నాకు బాలేదని నీకెవరు చెప్పారు?"

"చూస్తన్నాను కదా."

"చూస్తానే ఉన్నావు. నెల్నించీ చూస్తన్నావు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఇద్దర్లో ఒకర్నే ఉంచుతారని నీకూ తెలుసు. నీకు ఇల్లుంది, మొగుడున్నాడు. ఎల్తే ఎల్లగలవు. నాకు అది ఉంది ఆ ఇంట్లో. నన్నిక్కడ కూచోబెట్టి ఏం బావుకుంటావే?"

నేను జవాబు చెప్పేలోపు లేచింది. నా మోకాలి మీద చేయి ఊనుకునే లేచింది. వెనక్కి చూడకుండా ఎక్కడం మొదలుపెట్టింది.

నేనూ లేచాను. గబగబా ఆమె వెనక నడిచాను. దాటుతుంటే హెచ్.ఆర్. అమ్మాయి మోకాలెలా ఉంది సిస్టర్ అని అడిగింది. తగ్గిపోయిందన్నాను. ఆమె నా కాళ్ళ వైపు, తర్వాత నా మొహం వైపు చూసింది. నిఖాబ్‌లోంచి కళ్ళే కనబడుతున్నా ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ మేం ఆమెను చూసిన చూపే అది.

అక్క పైకి ఎక్కింది. ఎలా ఎక్కిందో నాకు తెలియదు. చివర నిటారుగా ఉన్న బండ మీద చేతులూ కాళ్ళూ వేసి పాకింది. పైన ఇంటి గదంత చదును, ఎవరో పేర్చిన రాళ్ళ గుట్ట, నిలబడనివ్వని గాలి. ఒకవైపు హాయిల్ ఊరు మొత్తం, ఉత్తరాన ఎర్రటి ఇసుక. అక్క ఊరి వైపు తిరిగి కళ్ళు చికిలించి చూసింది. చెల్లెలున్న పేట ఎటు ఉందో వెతికింది. తర్వాత, మిగిలినవాళ్ళు ఇంకా ఎక్కుతూ ఉండగానే, హెచ్.ఆర్. అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. ఆ అమ్మాయి ఫ్లాస్కులోంచి గావా, అంటే అరబ్బీ కాఫీ, పోస్తోంది. అక్క అరబ్బీ వార్డు అరబ్బీ, వ్యాకరణం లేనిది.

"బిన్తీ, నేను పైకొచ్చాను. చూశావు కదా. ఇఖామా తజ్‌దీద్, ఖలాస్?" అంది. అమ్మాయీ, నా ఇఖామా రెన్యువల్ అయిపోయినట్టేనా అని.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నన్ను చూసింది. నేను ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. పరీక్ష అనుకున్నామనీ, పైకి ఎక్కనివాళ్ళకి ఎగ్జిట్ అని విన్నామనీ. చెబుతుంటే నాకే వింతగా ఉంది. హాస్టల్ గదిలో అంత నిజంగా కనబడిన సంగతి ఆ గాలిలో రెండు వాక్యాలు కూడా నిలబడలేదు.

ఆ అమ్మాయి ఫ్లాస్కు కింద పెట్టింది.

"రెన్యువల్ పేర్లు ఎప్పుడో పంపేశాం సిస్టర్" అంది. "మీ ఇద్దరివీ ఉన్నాయి. ఈ కొండకీ దానికీ ఏం సంబంధం?"

మరి నలభై దాటినవాళ్ళనే ఎందుకు రమ్మన్నారని అడిగాను. నా గొంతు గట్టిగానే ఉండి ఉంటుంది. తన తల్లికి నడుంనొప్పి అనీ, కొండల్లో నడక మొదలుపెట్టాక తగ్గిందనీ, వార్డుల్లో పెద్ద సిస్టర్లు కూడా నడుం పట్టుకుని నిలబడడం చూశాననీ చెప్పింది. ఆ తర్వాత అంది: "నేను వస్తే మీరంతా మాట్లాడడం ఆపేస్తారు. ఆసుపత్రికి బయటైతే మాట్లాడతారేమో అనుకున్నాను. కొండ మీద కూడా ఎవరూ మాట్లాడలేదు."

అక్కకి ఇంగ్లీషు అర్థమవుతుంది. ఇద్దరివీ ఉన్నాయన్న మాట విన్నాక ఆమె నా వైపు తిరిగింది. ఏదో అనబోయింది. అంతవరకూ ఆమెను నిలబెట్టింది ఏదో అక్కడితో అయిపోయినట్టుంది. రాళ్ళ గుట్టకి ఆనుకుని కూర్చుండిపోయింది. దాచకుండా, అందరి ముందూ, సీసా తీసి మాత్ర నాలుక కింద పెట్టుకుంది.

ఆ తర్వాత జరిగింది పని. అది మాకందరికీ తెలుసు. పడుకోబెట్టాం, అబాయా గుండీలు విప్పాం, నాడి చూశాం. ఆ అమ్మాయి అన్నయ్యా, కింది నుంచి పిలిపించిన పఠానూ కలిసి ఆమెను దుప్పటిలో మోసుకుంటూ దించారు. దారి పొడుగునా నేను పక్కన నడిచాను. నా చేతిలోంచి తన చేయి ఒక్కసారి తీసేసుకుంది. మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ తీయలేదు. అంత బలం లేదో, ఇంకేమిటో.

ఈసీజీలో ఉన్నది ఉన్నట్టు వచ్చింది. గుండె రక్తనాళం పెద్దాసుపత్రిలో సరిచేశారు. బతికింది. హాస్టల్లో ఏళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కరోజులో రికార్డులోకి ఎక్కింది. యాజమాన్యం ఆమె పేరు వెనక్కి తీసుకుంది. హెచ్.ఆర్. అమ్మాయి ఆ నిర్ణయం మార్చమని అడిగిందని తనే నాకు చెప్పింది. అడిగిందో లేదో నాకు తెలియదు. అప్పట్లో నేను నమ్మలేదు. ఆ కొండ పరీక్ష కాదు. మేం పరీక్ష అనుకున్నందువల్ల పరీక్ష అయింది. అందులో తప్పింది పైదాకా ఎక్కినామె. ఇది నేను చాలాసార్లు ఆలోచించాను. దీన్ని ఎటు తిప్పినా నీతి ఏమీ రాదు.

నా ఇఖామా రెన్యూ అయింది. అక్క అనుమానానికి ఇంకేం రుజువు కావాలి?

అక్క ఇంటికి ప్రయాణమయ్యే ముందు చూడ్డానికి వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. చాలాసేపు కూర్చున్నాను. లేవబోతుంటే మాత్రం, "శుక్రవారం దాని దగ్గరికి ఎల్లు" అంది. నా మీద నమ్మకంతో చెప్పిన మాట కాదది. చెప్పడానికి ఇంకెవరూ లేరు.

వెళ్ళాను. హెచ్.ఆర్. అమ్మాయి తన కారులో దింపుతానంది. అక్కడ ఆడవాళ్ళకి కారు నడపడం కొత్తగా వచ్చిన రోజులు. మలుపు వస్తే స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకునేది. తప్పు చేశానన్న బాధతో వస్తోందా, నేను ఎక్కడికి వెళ్తున్నానో చూసి రమ్మన్నారా అని దారంతా ఆలోచించాను. ఆ ఇంటి గేటు దగ్గర యజమానురాలు నన్ను లోపలికి రానివ్వలేదు. పాత సిస్టర్ ఏది, నువ్వెవరు, ఎవరు పంపారు అని అడిగింది. కారులోంచి ఆ అమ్మాయి దిగి వచ్చి అరబ్బీలో ఏదో మాట్లాడింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మా ఊళ్ళోలాగే వాళ్ళకీ ఇంటిపేర్లు, చుట్టరికాలు కలిశాయనుకుంటాను. తలుపు తెరుచుకుంది.

ముసలావిడ బీపీ చూశాను, కట్టు మార్చాను. తర్వాత వంటింట్లోకి వెళ్తే చెల్లెలు గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"మా అక్క చచ్చిపోయిందా?" అంది.

లేదని చెప్పాను. నమ్మలేదు. ఇంటికి వెళ్ళిందని చెప్పాను. అదీ నమ్మలేదు. నన్నిక్కడ వదిలి అది ఎల్లదు, నిజం చెప్పండి అంది. నా ఫోన్‌లో నర్సాపురం కలిపాను. అక్క ఎత్తింది. నేను అక్కా అన్నాను. అటు నుంచి, "దానికియ్యి" అని వినబడింది. ఇచ్చాను. చెల్లెలు గొంతు విని, గిన్నె పొయ్యి గట్టు మీద పెట్టి, కింద కూర్చుని మాట్లాడింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అంతే. ముసలావిడ బీపీ, పుండుకి కట్టు, వంటింట్లో ఫోను. నేను అక్కా అంటాను, ఆమె దానికియ్యి అంటుంది. వచ్చేటప్పుడు యజమానురాలిని అడుగుతాను, మా అమ్మాయి ఎప్పుడు అని. వచ్చే నెల అంటుంది. హెచ్.ఆర్. అమ్మాయి కారులోనే కూర్చుని ఉండేది. కొన్నాళ్ళకి తనూ లోపలికి వచ్చి, నేను అడిగాక తన భాషలో తనూ అడగడం మొదలుపెట్టింది. ఎందుకు వస్తున్నావు అని నేను ఆమెని ఒక్కసారీ అడగలేదు. ఆమె చెప్పలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో ఇప్పుడు తెలుసుకోవాలని ఉంది.

కొత్త పనమ్మాయి మరుసటి చలికాలం మొదట్లో వచ్చింది. వారంలో చెల్లెలికి ఎగ్జిట్ కొట్టారు. ఆమె వెళ్ళాక అక్క మూడేళ్ళు బతికింది. చివరి వరకూ చెల్లెలే చూసుకుంది. అంత్యక్రియలకి వెళ్ళాను. చర్చిలో వెనక కూర్చున్నాను. ఆ కొండ మీద నేను ఎందుకు కూలబడ్డానో నేనుగా ఎప్పుడూ వివరించలేదు, ఆమె అడగలేదు. నా గురించి ఏమనుకుంటూ పోయిందో నాకు తెలియదు.

తెలిసింది ఇది ఒక్కటే. చెల్లెలు వెళ్ళిపోయిన తర్వాతి శుక్రవారం నాకు వెళ్ళడానికి చోటేదీ లేదు. గదిలో బట్టలు మడతపెట్టుకుంటున్నాను. మామూలుగా ఆ వంటింట్లోంచి మేం ఫోన్ చేసే వేళకి నా ఫోన్ మోగింది. అక్క నంబరు.

"ఇయ్యాల ఎక్కడికెళ్ళావు?" అంది.

"ఎక్కడికీ లేదక్కా. గదిలోనే ఉన్నాను."

"ఉండు, దానికిస్తాను" అని ఫోన్ చెల్లెలికి ఇచ్చింది. ఆమె ఊరి సంగతులు చెబుతూ ఉంది. వెనక నుంచి అక్క ఏదో అంటోంది.

"అక్కడ చలి మొదలైందా అని అడుగుతోంది అక్క" అంది చెల్లెలు.

మొదలైందని చెప్పమన్నాను.